సముద్రం ఒడ్డు ఊర్లో తోలుబొమ్మలాట పెట్టించాలంటే ముందు వేట టైము కనుక్కోండి

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు, పేరు చెప్పినా మీకు తెలీదు లెండి, బస్సు ఊరి దాకా రాదు, మెయిన్ రోడ్డు మీద దిగి నడవాలి లేదంటే షేర్ ఆటో నిండేదాకా కూర్చోవాలి. ఒకసారి టౌన్లో నాటకాలు, ఎంట్రీ ఫ్రీ అని వాట్సాప్‌లో తిరిగితే ఇంటిల్లిపాదీ బయల్దేరాం. ఆరున్నర అన్నారు, ఏడుంబావుకి జ్యోతి వెలిగించారు, ఎనిమిది దాకా ఉపన్యాసాలు, మా లాస్ట్ బస్సేమో ఎనిమిదింబావుకి. నాటకంలో మేం చూసింది తెర లేవడం, ఒక పద్యం, అంతే. వచ్చేటప్పుడు బస్సులో మా మేనత్త అంది కదా, "ఫ్రీ అన్నారు గాని నాలుగొందలు అయిపోనాయి" అని.

పల్లెటూరోళ్ళకి, అందులో వేటకెళ్ళే వాళ్ళకి కళలంటే ఇంట్రెస్ట్ ఉండదండీ అని ఎవరైనా అంటే నాకు ఆ బస్సే గుర్తొస్తుంది. ఇంట్రెస్ట్‌కేం తక్కువ లేదు, టైము కుదరదు, దారి ఉండదు, తిరిగొచ్చే బండి ఉండదు. అందుకని మేం నలుగురం కలిసి ఆటనే ఊర్లోకి తెద్దాం అనుకున్నాం. మొదటిసారి చాలా తప్పులు చేశాం, తర్వాత కొంచెం నేర్చుకున్నాం, ఆ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. మీ ఊర్లో చెయ్యాలనుకుంటే పనికొస్తుంది.

ముందు ఊర్లో ఏముందో అడగండి

బయట నుంచి ట్రూపుని పిలిచే ముందు ఒక వారం రోజులు ఊర్లో ముసలోళ్ళతో కూర్చోండి. మేం ఈ పని చెయ్యలేదు, ఆట అయిపోయాక తెలిసింది, మూడిళ్ళ అవతల ఉండే తాత వయసులో ఉన్నప్పుడు జముకుల కథలో (జముకు వాయిస్తూ పాడి చెప్పే కథ) వంత పాడేవాడంట, నాకు ముప్ఫై ఏళ్ళొచ్చినా ఆ సంగతి తెలీదు. మన ఉత్తరాంధ్రలో అయితే తప్పెటగుళ్ళు, తూర్పు భాగవతం, జముకుల కథ, కోలాటం, భజన వీటిలో ఏదో ఒకటి తెలిసినోళ్ళు ఊరికి ఒకరిద్దరైనా దొరుకుతారు. వేటకెళ్ళే ఊర్లలో వల లాగేటప్పుడు, తెప్పని నీళ్ళలోకి తోసేటప్పుడు పాడే పాటలు వేరే ఉంటాయి, హైలెస్సా అని ఒకడు అందుకుంటే మిగతావాళ్ళు పలుకుతారు చూడండి, అవి. ఇంజన్లొచ్చాక ఆ పాటల అవసరం తగ్గిపోయింది, పాడినోళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు.

ఫోన్లో రికార్డ్ చెయ్యండి, కానీ అడిగి చెయ్యండి. యూట్యూబ్‌లో పెడతాం అంటే ముందే చెప్పండి. కొన్ని పాటలు అమ్మవారి పండగప్పుడు తప్ప పాడకూడదు అంటారు, అలాంటప్పుడు వదిలెయ్యండి, బలవంతం వద్దు.

ఇది ఎందుకు ముఖ్యం అంటే, "మీకు కల్చర్ తెస్తున్నాం" అన్నట్టు వెళ్తే ఊరు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే కరెక్టు కూడా. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసే ఉంటారు, సిరిమాను కంటే ముందు జాలరి వల నడుస్తుంది. వల పట్టుకునే వాళ్ళు ఉత్సవంలో ఎప్పట్నుంచో ముందు వరసలోనే ఉన్నారు, టికెట్టు కౌంటర్లూ ఏసీ హాళ్ళూ వచ్చాకే వెనక్కి పోయారు. అందుకని ఆట మొదలయ్యే ముందు పావుగంట ఊరి వాళ్ళకే ఇవ్వండి. ఆ జముకుల తాత రెండో ఏడాది పది నిమిషాలు పాడాడు, గొంతు లేదు పాపం, అయినా ఆ రోజు ఎక్కువ చప్పట్లు ఆయనకే.

డేట్ ఎలా పెట్టాలి, దీని మీదే సగం ఆధారపడి ఉంటుంది

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మెకనైజ్డ్ బోట్లు, మోటారు పడవలు అన్నీ ఒడ్డునే ఉంటాయి, మగాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇంటిదగ్గరే ఉంటారు, పిల్లలకి సెలవులు. చూడ్డానికి ఇదే బెస్ట్ టైము. కాకపోతే రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ రెండు నెలలు చేతిలో డబ్బులుండవు, కాబట్టి చందాలు అప్పుడు అడక్కండి, ఫిబ్రవరి మార్చిలోనే, చేప పడుతున్నప్పుడే అడిగేసి పక్కన పెట్టుకోండి. రెండోది మా జిల్లా స్పెషల్, మా కుర్రాళ్ళు చాలామంది గుజరాత్ వేరావల్ బోట్ల మీద పనికెళ్తారు, అక్కడ పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుద్ది. ఇక్కడ మే నెలలో పెడితే వాళ్ళు ఉండరు, జూలైలో పెడితే ఇక్కడోళ్ళు వేటకెళ్ళిపోతారు. రెండు నిషేధాలూ కలిసేది జూన్ 1 నుంచి 14 వరకు, ఆ పధ్నాలుగు రోజులే ఊరు మొత్తం ఊర్లో ఉండే రోజులు. ఇది మాకు చెప్పింది ఏ ఆఫీసూ కాదు, బడ్డీ కొట్టు దగ్గర ఒక అప్ప చెప్పింది, "మా పెనిమిటి లేనప్పుడు ఆట పెట్టి ఏటి లాభం బాబూ" అని.

రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఆ మొదటి వారంలోనే వెళ్తుంది, పగలు ఎండ చంపేస్తుంది, రాత్రి పర్లేదు. వాన పడొచ్చు, దానికి వేరే ఏర్పాటు ఉండాలి, కింద చెప్తా.

వారం కూడా చూసుకోవాలి. టౌనోళ్ళు శనివారం రాత్రి పెడతారు, మర్నాడు సెలవు కదా అని. మా దగ్గర చేపలమ్ముకునే ఆడవాళ్ళకి ఆదివారం పొద్దున్నే అసలు బేరం, శనివారం రాత్రి ఆట పెడితే వాళ్ళు రాలేరు, వచ్చినా కునికిపాట్లు పడతారు. సోమవారం చాలా ఇళ్ళల్లో నీసు ముట్టరు, బేరం తక్కువ. అందుకని ఆదివారం రాత్రి పెట్టండి. నిషేధం టైములో కూడా ఇంజన్ లేని తెప్పలు వెళ్తాయి, ఎండు చేపల బేరం నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఈ లెక్క అప్పుడూ పనిచేస్తుంది. మొదటి ఏడాది మేం శనివారం పెట్టాం, ముందు వరసల్లో అంతా మగాళ్ళూ పిల్లలే, ఆడవాళ్ళు ఏరీ అని అడిగితే మా అమ్మే అంది, నన్నొక మాట అడిగి పెట్టావా అని.

ఇక చంద్రుడు. తోలుబొమ్మలకి చీకటి కావాలి కాబట్టి అమావాస్య వైపు మంచిది, బుర్రకథకైతే వెన్నెల ఉన్నా పర్లేదు, పైగా ముసలోళ్ళు నడిచి ఇంటికెళ్ళడానికి వెలుతురు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు గానీ టౌను నుంచి వచ్చే టెంటు వాడికి మాత్రం చెప్పాలి, లేకపోతే మధ్యాహ్నం ఇసక పొడిగా ఉందని అక్కడే కుర్చీలేసేస్తాడు.

ఎక్కడ పెట్టాలి

మొదటిసారి సరదాపడి బీచ్‌లో పెట్టాం, ఫొటోలు బాగొస్తాయని. సాయంత్రం సముద్రం గాలికి తోలుబొమ్మల తెర తెరచాప అయిపోయింది, హనుమంతుడు ఒక్కడే కాదు తెర మొత్తం లంకకి ఎగిరేలా ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్కా పట్టుకుని రెండు గంటలు నిలబడ్డారు. సముద్రం గాలి పగలూ సాయంత్రం నీళ్ళ మీంచి ఊరి మీదకి కొడుతుంది, రాత్రి పొద్దుపోయాక గాని తిరగదు. కాబట్టి ఏదైనా పెద్ద గోడకి ఊరివైపు, గాలి తగలని పక్కన తెర కట్టించండి.

తీరం ఊర్లకి అలాంటి గోడ దాదాపు రెడీగా ఉంటుంది, అదే తుఫాను షెల్టర్. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చాక మన తీరం పొడుగునా ఇవి కట్టడం మొదలైంది, తర్వాత వరల్డ్ బ్యాంక్ డబ్బుతో ఇంకొన్ని కట్టారు. తుఫాను లేని రోజుల్లో ఊరు వాడుకోవచ్చనే వీటికి మల్టీపర్పస్ అని పేరు పెట్టారు, కానీ చాలాచోట్ల తాళం వేసుంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే ఒక రోజు పని. పంచాయతీ సెక్రటరీ దగ్గరో, స్కూల్ హెడ్మాస్టర్ దగ్గరో, వీఆర్వో దగ్గరో ఉంటుంది. వాన పడితే లోపలికి జరగొచ్చు, బాత్రూములుంటాయి, కొన్నిటికి ర్యాంప్ కూడా ఉంటుంది, నడవలేని పెద్దోళ్ళకి అది పెద్ద సాయం. బాత్రూములో నీళ్ళొస్తున్నాయో లేదో ముందు రోజే చూడండి. ఆడవాళ్ళు రెండు మూడు గంటలు కూర్చోవాలంటే అన్నిటికంటే ముందు చూసేది అదే, కాకపోతే పైకి చెప్పరు.

షెల్టర్ లేకపోతే స్కూలు గ్రౌండ్. గుడి ముందు పెట్టే ముందు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, గుడి ఎవరిదో, ఏ వీధోళ్ళదో, అక్కడికి ఎవరు రారో మీకు తెలిసే ఉంటుంది. పిలవకపోవడం వేరు, పిలిచినా రాలేని చోట పెట్టడం వేరు, రెండోది ఇంకా ఘోరం.

వీధి లైటు సంగతి మర్చిపోకండి. తెర మీద స్ట్రీట్ లైట్ వెలుగు పడితే బొమ్మల రంగులు పాలిపోయినట్టు కనిపిస్తాయి, లైన్‌మ్యాన్‌ని బతిమాలి ఆ ఒక్క స్తంభం ఆపించండి, ఇంటికెళ్ళే దారిలో లైట్లు మాత్రం వెలగాలి. తెర వెనకాల పాతకాలంలో ఆముదం దీపాలు పెట్టేవాళ్ళు, ఇప్పుడు బల్బే. తెల్ల ఎల్‌ఈడీ కంటే పసుపు బల్బు అందంగా ఉంటుంది, నా అభిప్రాయం. రెండు మూడు లైట్లు పెడితే నీడలు కూడా రెండు మూడు పడతాయి, ఒకటే పెట్టండి, స్పేర్ ఒకటి పక్కన ఉంచండి, కరెంటు పోతుంది కాబట్టి ఇన్వర్టరో జెనరేటరో ఉండాలి, జెనరేటర్ అయితే దూరంగా, లేకపోతే పద్యం వినపడదు.

ట్రూపుని ఎలా పట్టుకోవాలి

తోలుబొమ్మలంటే అందరూ ముందు చెప్పేది నిమ్మలకుంట, ధర్మవరం దగ్గర, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ మాకు అది రాష్ట్రం ఆ కొస, రానుపోను ఖర్చే తడిసి మోపెడవుద్ది. కాకినాడ దగ్గర మాధవపట్నంలో కూడా తోలుబొమ్మల కుటుంబాలున్నాయి, ఉత్తరాంధ్ర, గోదావరి వాళ్ళకి అది దగ్గర. ఇంకా తక్కువలో చెయ్యాలంటే మొదటి ఏడాది సొంత జిల్లా కళతోనే మొదలెట్టండి, తప్పెటగుళ్ళైతే అసలు తెర, లైటు గొడవే లేదు, రేకు తప్పెట్లు గుండెకి కట్టుకుని కాళ్ళకి గజ్జెలతో వచ్చి ఆడతారు, ఉన్న చోటే స్టేజి.

నంబర్లు దొరకడానికి బెస్ట్ దారి వేరే ఊళ్ళ ఉత్సవ కమిటీలు. ఏ ఊరి తీర్థంలో ఏం ఆడారో కనుక్కుని వాళ్ళనే అడగండి, ఎలా ఆడారు, టైముకొచ్చారా, ఎంతిచ్చారు అన్నీ చెప్తారు. ఆకాశవాణి స్టేషన్లో జానపదం చూసేవాళ్ళకి కూడా తెలుస్తుంది. మధ్యలో ఈవెంట్ వాళ్ళని పెట్టుకోకండి, ఒకసారి మధ్యవర్తి ద్వారా మాట్లాడాం, మేమిచ్చిన దాంట్లో సగం కూడా ఆడినోళ్ళకి చేరలేదని వాళ్ళు భోంచేసేటప్పుడు మాటల్లో తెలిసింది, ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

గురువుగారితో డైరెక్ట్‌గా ఫోన్లో ఇవి మాట్లాడుకోండి: ఎంతమంది వస్తారు, ఎంత సేపు ఆడతారు, తెర సైజు ఎంత, కింద కొట్టడానికి బల్లచెక్కలు కావాలా (యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళతో ఆ చెక్కల మీద దడదడలాడిస్తారు, ఆ సౌండ్ లేకపోతే యుద్ధమే లేదు), మైకులెన్ని, పడుకోవడానికి ఎక్కడ, భోజనం ఏంటి. కుటుంబాలుగా వస్తారు, ఆడవాళ్ళు కూడా పాడతారు, బొమ్మలాడిస్తారు, చంటి పిల్లలుండొచ్చు, కాబట్టి తలుపు గడియ పడే గది ఇవ్వండి, హాల్లో చాపలేసి సరిపెట్టకండి. సగం డబ్బు వారం ముందే ఫోన్‌పే చెయ్యండి, మిగతాది ఆట అయిన వెంటనే, అదే రాత్రి. బస్సు చార్జీలు వేరే. మొత్తం ఖర్చులో సగానికి పైగా ఆడినోళ్ళకే వెళ్ళాలి అని మేం రూలు పెట్టుకున్నాం, టెంటుకీ ఫ్లెక్సీకీ ఎక్కువై కళాకారులకి తక్కువైతే ఆ బడ్జెట్ చింపేసి మళ్ళీ రాసుకోండి. శాలువాలు కప్పడం కూడా మానేశాం, ఆ డబ్బులు కూడా కవర్లోనే పెట్టి ఇస్తున్నాం, ఇళ్ళల్లో బీరువాల నిండా శాలువాలే ఉన్నాయని వాళ్ళే నవ్వుతూ చెప్పారు.

ఇంకోటి, పది నిమిషాల ముక్క ఆడమని అడక్కండి. మీటింగుల్లో అలా వాడుకుంటారు, మంత్రి గారు వచ్చేలోపు కొంచెం ఆడండి అని. అది కళ చూపించడం కాదు, గ్యాప్ నింపడం.

పర్మిషన్లు, సౌండు

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకులు, వాయిద్యాలు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్యం రూల్స్‌లో ఉంది. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించొచ్చు, మీ డేటు అందులో వస్తుందో లేదో స్టేషన్లో అడగండి. మా తాతల కాలంలో తెల్లవార్లూ ఆడేవాళ్ళు, ఇప్పుడు ఆ ఆట మూడు గంటల్లో కుదరాలి. అందుకని రామాయణం మొత్తం అడక్కుండా ఒక ఘట్టం అడగండి, ఏడింటికి మొదలెట్టి పదింటికి హారతి. మేం సుందరకాండ ఆడించాం, లంకా దహనంతో ఆపేశాం. సముద్రం దాటే సీను వచ్చినప్పుడు ముందు వరసలో ఒక తాత లేచి "తూరుపు గాలికి ఎదురెలా ఎగిరాడ్రా ఈడు" అని అరిచాడు, తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు బొమ్మ తెర వెనకాల్నుంచే "నీ తెప్ప అద్దెకిచ్చావేటి మరి" అని జవాబిచ్చింది, ఊరంతా పడీపడీ నవ్వారు. ట్రూపు వాళ్ళకి సాయంత్రమే ఊర్లో నాలుగు సంగతులు చెప్పి ఉంచితే బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వాటిని మధ్యమధ్యలో వాడేసుకుంటారు, అది వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. వేట నిషేధం టైముకి ప్రభుత్వం ఇచ్చే భృతి ఇంకా పడలేదన్న సంగతి ఒకటి చెప్పాం, రావణాసురుడి దర్బార్లో ఆ టాపిక్ వచ్చేసింది.

పోలీసు స్టేషన్‌కి లెటర్, పంచాయతీకి లెటర్, కరెంటు వాళ్ళకి టెంపరరీ కనెక్షన్ కోసం లెటర్, మూడూ కనీసం పది రోజుల ముందు ఇవ్వండి, ఇచ్చినట్టు కాపీ మీద సంతకం తీసుకోండి.

డబ్బులు

పంచాయతీని అడగడానికి మొహమాటపడకండి. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్లో పంచాయతీల పనులని 29 అంశాలున్నాయి, అందులో 20వది లైబ్రరీలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు. మంచినీళ్ళు, రోడ్లలాగే ఇది కూడా ఆ లిస్టులో ఉన్న పనే. గ్రామసభలో లేచి ఈ నంబర్లు చెప్పండి, తీర్మానం రాయించండి, ఆ ఏడాది ప్లాన్‌లో చిన్న మొత్తమైనా పెట్టించండి. మా సర్పంచ్ గారు ముందు నవ్వారు, తర్వాత సెక్రటరీ గారు బుక్కు తెరిచి చూసి నిజమే అన్నారు. డబ్బులు తక్కువే వచ్చాయి, కానీ తీర్మానం కాపీ ఉంటే మిగతా ఆఫీసుల్లో పని తొందరగా అవుద్ది, అసలు లాభం అదీ.

తీరంలో పోర్టులు, పవర్ ప్లాంట్లు, మందుల ఫ్యాక్టరీలు, రొయ్యల కంపెనీలు ఉంటాయి కదా, కంపెనీల చట్టం 2013 ఏడో షెడ్యూల్లో సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) కింద చెయ్యదగ్గ వాటిలో సంప్రదాయ కళలు, పబ్లిక్ లైబ్రరీలు కూడా ఉన్నాయి. ఒక పేజీ లెటర్ రాసి పంచాయతీ తీర్మానం జత చేసి ఇవ్వండి. కాకపోతే ఒకటి ఆలోచించుకోండి, ఆ కంపెనీ నీళ్ళ మీద మీ ఊరికే గొడవ నడుస్తుంటే వాళ్ళ బ్యానర్ కింద ఆట పెట్టడం బాగోదు, మేమైతే వద్దనుకున్నాం. పార్టీ వాళ్ళ డబ్బు కూడా అంతే, ఈ ఏడాది ఒకరి దగ్గర తీసుకుంటే ఇంకో పార్టీ వీధి ఖాళీ.

మిగిలింది చందాలు. వేరావల్లో, చెన్నైలో, గల్ఫ్‌లో ఉన్న కుర్రాళ్ళు యాభై, వంద యూపీఐ చేస్తారు, లిస్టు పెడితే పోటీ పడి మరీ చేస్తారు. లెక్క మొత్తం షెల్టర్ గోడ మీద చాక్‌పీస్‌తో రాసేయండి, వచ్చింది ఇంత, ఇచ్చింది ఇంత, మిగిలింది ఇంత. రెండో ఏడాది అడగడం తేలికవుద్ది.

మర్నాడు పొద్దున్న, ఇది వదలొద్దు

ట్రూపుని రాత్రికి రాత్రి పంపెయ్యకండి. పొద్దున్న టిఫిన్ పెట్టి ఓ రెండు గంటలు పిల్లలతో కూర్చోబెట్టండి, దానికి వేరే డబ్బులివ్వండి. బొమ్మ ఎలా ఉంటుందో పిల్లలు చేత్తో పట్టుకుని చూడాలి, మేక తోలుని వెలుతురు దూరేంత పల్చగా చేసి, చిన్న ఉలితో చిల్లులు పొడిచి, రంగులేసి, భుజం దగ్గర మోచెయ్యి దగ్గర దారంతో కట్టి, అంతా చూపిస్తారు. ఆంధ్రా బొమ్మలు మనిషంత ఎత్తుంటాయి కాబట్టి ఆరేళ్ళ గుంటలకి రావణాసురుడు నిజంగానే రావణాసురుడిలా ఉంటాడు. తర్వాత పిల్లలతో పాత ఎక్స్‌రే ఫిల్ముల మీదో ప్లాస్టిక్ ఫైలు కవర్ల మీదో మార్కర్లతో గీయించి, కత్తిరించి, చీపురు పుల్లకి కట్టించండి. మా పిల్లలు రాముణ్ణి గీయలేదు, టేకు చేప, పీత, మా ఊరి ఆటో డ్రైవర్‌ని గీశారు. ఆ రాత్రి వాళ్ళే దుప్పటి కట్టి టార్చిలైటుతో ఆట ఆడేశారు, ఆటో డ్రైవర్ పీతని ఎక్కించుకోనంటాడు, అదీ కథ.

పిల్లల్లో నిజంగా పట్టుదల ఉన్నోళ్ళు కనబడితే సీసీఆర్టీ అని కేంద్ర సంస్థ ఉంది, 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి సాంస్కృతిక స్కాలర్‌షిప్ ఇస్తుంది, హైదరాబాద్‌లో వాళ్ళ రీజినల్ సెంటర్ ఉంది. తంజావూరు దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం లాంటి జోనల్ సెంటర్లకి గురుశిష్య పరంపర స్కీము ఉంది, ఊర్లో ఒక గురువు కొందరు పిల్లలకి నేర్పిస్తే గురువుకీ శిష్యులకీ నెలనెలా కొంత ఇస్తారు. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో చూసి అప్లికేషన్ పెట్టడమే కష్టం, గురువులకి కంప్యూటర్ రాదు, ఆ పని మీరు చెయ్యండి.

పెద్ద కళాకారులకి ఇంకో సాయం చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. 60 దాటిన కళాకారులకి కేంద్రం నెలకి 6,000 దాకా ఇచ్చే స్కీము ఉంది, అప్లై చెయ్యాలంటే ఇన్నాళ్ళూ కళలో ఉన్నట్టు రుజువులు కావాలి, చాలామంది దగ్గర ఏమీ ఉండవు, జీవితమంతా ఆడినా కాగితం ముక్క ఉండదు. అందుకని మీ ఊర్లో ఎవరు ఆడినా పంచాయతీ లెటర్‌హెడ్ మీద ఫలానా తేదీన ఫలానా ఆట ఆడారు అని రాసి, స్టాంపు వేయించి, డేటు పడ్డ ఫొటోలు రెండు ప్రింట్ తీసి ఇవ్వండి. లోకల్ పేపర్లో వార్త వస్తే కటింగ్ కూడా. గురువుగారు ఆ కవరు తీసుకున్నప్పుడు డబ్బుల కవరు కంటే జాగ్రత్తగా లోపలి జేబులో పెట్టుకున్నారు.

మిగతా 364 రోజులు

ఏడాదికి ఒక రాత్రి సరిపోదు కదా, కాబట్టి షెల్టర్లో ఒక మూల పుస్తకాలు పెట్టండి. ఇది మనకి కొత్తేం కాదు, 1930ల్లోనే పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలవల మీద పడవలో లైబ్రరీ నడిపారు, పుస్తకాలే ఊరి రేవులోకి వచ్చేవి. తీరంలోనే వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది, 1929లో గాంధీ గారొచ్చి బిల్డింగుకి శంకుస్థాపన చేశారు. అప్పటోళ్ళు కరెంటు లేకుండా చేసింది మనం ఇప్పుడు చెయ్యలేమా.

మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు ఉంటుంది, రసీదు చూడండి. అంటే మీ ఊరు లైబ్రరీ లేకుండానే లైబ్రరీకి కడుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థకి లెటర్ పెట్టి బుక్ డిపాజిట్ సెంటర్ కావాలని అడగండి, చోటు మీరు చూపిస్తే కొన్ని పుస్తకాలిచ్చి అప్పుడప్పుడు మారుస్తారు. వెంటనే రాదు, రెండు మూడుసార్లు తిరగాలి.

ఉప్పు గాలి సంగతి చూసుకోండి. ఇనుప బీరువా రెండేళ్ళలో తుప్పు పడుతుంది, చెక్క అయితే చెద. మేం గట్టి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు కొన్నాం, అడుగున ఎండు వేపాకు, నెలకోసారి ఎండలో తియ్యడం. స్పీకరు, యాంప్లిఫయర్ సొంతంగా కొనకండి, ఉప్పుకి బోర్డులు పోతాయి, అద్దెకి తెచ్చుకోవడమే చవక. పుస్తకాల్లో పిల్లల బొమ్మల కథలు ఎక్కువ పెట్టండి, పెద్దోళ్ళ కోసం న్యూస్ పేపర్ ఒకటి, వలలు అల్లుకుంటూ ఒకరు చదువుతుంటే పదిమంది వింటారు, అదీ చదవడమే.

సముద్రం లేని ఊరైతే ఇదంతా వేరేలా ఉంటుంది, వేట బదులు నాట్లు, కోతలు చూసుకోవాలి. తెలంగాణలో మా ఫ్రెండ్ వాళ్ళ ఊర్లో ఒగ్గుకథ పెట్టించాలని నన్నడిగాడు, ఊరి వాళ్ళ చేతిలో డబ్బులూ ఖాళీ రెండూ ఒకేసారి ఎప్పుడుంటాయో ముందు అది కనుక్కోమన్నా, వడ్లు అమ్మిన తర్వాత అన్నాడు, అయితే అప్పుడే పెట్టమన్నా.

ఇంకో చిన్న సంగతి మర్చిపోయా, తెర కట్టిన బట్ట. మేం రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టించాం, ఆట అయ్యాక ఉతికి ఇస్త్రీ చేయించి మా అమ్మ ట్రంకు పెట్టెలో పెట్టింది. దాని అంచు మీద నీలం దారంతో మూడో ఏడాది డేటు కుట్టేసింది కూడా, జూన్ మొదటి ఆదివారం అని, నన్నడక్కుండానే.